మా పిల్లలు ఏ బడికి వెళ్లాలి?

ప్రశ్న: మా వీధి ప్రైమరీ స్కూల్లోని 3, 4, 5 తరగతులను హైవే అవతలి స్కూల్లో కలుపుతామంటున్నారు. దూరం 800 మీటర్లేనట. కానీ రోడ్డు దాటాలంటే సిగ్నల్ దాకా వెళ్లి మళ్లీ వెనక్కి రావాలి. అవతలి కాలనీ వాళ్లేమో మేం అడ్డుపడుతున్నామని కోపంగా ఉన్నారు. ఏం చేయాలి?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: ఆ 800 మీటర్లు ఎలా కొలిచారో ముందు అడగండి. విద్యాహక్కు నిబంధనల్లో ఉన్నది నడక దూరం. 1 నుంచి 5 తరగతులకు కిలోమీటరు, 6 నుంచి 8 తరగతులకు 3 కిలోమీటర్లు. మ్యాపు మీద గీత గీస్తే డివైడర్ కనిపించదు. 16వ నంబరు జాతీయ రహదారి పక్కన ఉండేవాళ్లకు ఎదురుగా కనిపించే బడి కూడా దూరమే.

మీ వీధిలో అన్నిటికన్నా దూరపు ఇంటి నుంచి బడి గేటు దాకా, పిల్లలు నడిచే దారిలోనే, ఫోన్లో జీపీఎస్ పెట్టుకుని నడవండి. బడి వేళకే నడవాలి, ఆదివారం నడిచిన లెక్క పనికిరాదు. వీలైతే మూడో తరగతి పిల్లను వెంట తీసుకెళ్లండి, మీ అడుగు వేరు, ఆ పిల్ల అడుగు వేరు. ఎన్ని నిమిషాలు పట్టింది, ఎన్నిచోట్ల రోడ్డు దాటారు, సిగ్నల్ లేకుండా లారీలు మలుపు తిరిగే చోటు ఏది, ఇవన్నీ ఫొటోలతో సహా రాసిపెట్టండి.

చాలా అర్జీలు ఇక్కడే వీగిపోతాయి. 'మా బడి మాకే కావాలి' అని రాసి రెండొందల సంతకాలు పెడతారు, అందులో సగం మందికి బడి ఈడు పిల్లలే ఉండరు. దానికన్నా ఒక్క పేజీ చాలు: పిల్లల పేర్లు, తరగతి, ఇంటి నుంచి కొత్త బడికి నడక దూరం. దానికి స్కూల్ కమిటీ తీర్మానం జత చేయండి. కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలి కాబట్టి ఆ తీర్మానానికి బలం ఉంటుంది. ఎంఈవోకు (మండల విద్యాధికారి) ఇచ్చి, డీఈవోకు (జిల్లా విద్యాధికారి) ప్రతి పంపి, రసీదు తీసుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇచ్చి, అర్జీ నంబరు దాచుకోండి. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే 3 నెలల్లో తేల్చాలి. తేల్చిన తీరు నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు వెళ్లవచ్చు.

ఇక అవతలి కాలనీ సంగతి. వాళ్ల బాధా నిజమైనదే. 60 మంది లోపు పిల్లలుంటే చట్టం ఇద్దరు టీచర్లనే ఇస్తుంది, అంటే ఐదు తరగతులను ఇద్దరే చూసుకోవాలి. మీ పిల్లలు కలిస్తే టీచర్లు పెరుగుతారని వాళ్ల ఆశ. 2022లో జీవో 117 కింద తరగతులు కలిపినప్పుడూ, 2025లో దాన్ని రద్దు చేసి తరగతికో టీచరుండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు తెచ్చినప్పుడూ నడిచిన చర్చ ఇదే. వాళ్లతో కలిసి కూర్చుని ఒకే అర్జీ రాయండి. మొదట మీ తరగతులు ఉన్నచోటే ఉంచమని అడగండి. కుదరకపోతే పిల్లలకు బండి గానీ, బడి వేళల్లో రోడ్డు దాటించే మనిషిని గానీ ఇచ్చాకే కలపమని అడగండి. రెండో కోరిక రాస్తే మొదటిది బలహీనపడుతుందని కొందరంటారు. మేం ఒప్పుకోం, రెండోది రాయకపోతే పిల్లలు ఉత్త చేతులతో హైవే మీద నిలబడతారు.

ప్రశ్న: మా బడిలో గదులు నాలుగే. పక్క వార్డు పిల్లలతో నిండిపోతోంది. మా వార్డు వాళ్లకే సీట్లని కమిటీ తీర్మానించవచ్చా?
– ఒక తండ్రి, ఆరిలోవ

జవాబు: వద్దు. కిలోమీటరు హద్దు ప్రభుత్వం మీద పెట్టిన బాధ్యత, అంతలోపు బడి ఉంచాలని. పిల్లాడి ముందు వేసే గేటు కాదు. అదే కమిటీ బడి అభివృద్ధి ప్రణాళిక రాయాలి. హాజరు పట్టీ నకలు, గదుల కొలతలు, వరండాలో కూర్చున్న తరగతి ఫొటో పెట్టి అదనపు గదులు అడగండి. డిసెంబరులోపు ఇస్తే వచ్చే బడ్జెట్‌కు అందుతుంది.

ప్రశ్న: పాత బడి టీసీ ఆపేసింది, కొత్త బడి టీసీ లేకుండా చేర్చుకోనంటోంది. ఎలా?
– పెందుర్తి

జవాబు: విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం హెడ్‌మాస్టరు టీసీ వెంటనే ఇవ్వాలి. అది ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదు. ఆ సెక్షన్ నంబరు వేసి కొత్త బడికి దరఖాస్తు రాసి, ఒక నకలు మీద తేదీతో సంతకం చేయించుకోండి. పిల్లను రేపటి నుంచే పంపండి.