కొత్తగా పీహెచ్‌సీలో చేరిన మేనకోడలికి

చిరంజీవి బుజ్జికి,

మామయ్య ఆశీస్సులు. పీజీ చేస్తున్న నీ స్నేహితురాలి అప్‌టుడేట్ (డాక్టర్లు చందా కట్టి చూసుకునే వైద్య సమాచార వెబ్‌సైట్) లాగిన్ నువ్వు వాడుకోవచ్చా అని మొన్న ఫోన్లో అడిగావు. లైన్ కట్ అయిపోయింది, అందుకే రాస్తున్నాను. వద్దమ్మా. అది ఆ పిల్ల పేరు మీద ఉన్నది. రేపు ఆమె కోర్సు అయిపోతే నీకూ ఆగిపోతుంది. పీహెచ్‌సీలో కూర్చున్న డాక్టరుకి కావలసినది చాలావరకు పైసా కట్టకుండానే దొరుకుతుంది. ఎక్కడ వెతకాలో తెలియకపోవడమే మన ఇబ్బంది.

నాకు తెలియక ఏం జరిగిందో ముందు చెబుతాను. 1990ల మొదట్లో ఒక ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేసేవాణ్ణి. బీపీ 200 దాటి వచ్చినవాళ్ళకి బీపీ తగ్గించే నిఫెడిపిన్ క్యాప్స్యూల్‌ను సూదితో పొడిచి నాలుక కింద పిండేవాళ్ళం. పది నిమిషాల్లో పాదరసం దిగేది, చుట్టాలు దండాలు పెట్టేవాళ్ళు. ఒక రాత్రి, కాస్త తలనొప్పి తప్ప మరే బాధా లేని పెద్దాయనకి అలాగే వేశాను. బీపీ ధబాలున పడిపోయింది. తెల్లారేసరికి ఆయన కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. బీపీ ఎక్కువవడం వల్లే పక్షవాతం వచ్చిందని ఇంట్లోవాళ్ళకి చెప్పాం. నేనూ అదే నమ్మాను. ఈ పద్ధతి ఆపెయ్యాలని, బీపీ ఒక్కసారిగా పడి పక్షవాతాలు, గుండెపోట్లు వస్తున్నాయని 1996లోనే జామా అనే అమెరికా వైద్య పత్రికలో రాశారు. మా లైబ్రరీకి జామా వచ్చేది కాదు. చాలా ఏళ్ళ తర్వాత ఒక ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, వైద్య పేపర్లని వెతికే పబ్‌మెడ్ అనే వెబ్‌సైట్‌లో దాన్ని చూశాను. పబ్‌మెడ్ 1997 నుంచే ప్రపంచంలో అందరికీ ఉచితం. నాకే తెలియలేదు. ఆ పెద్దాయన ముఖం ఇప్పటికీ గుర్తే.

సరే, నీ సంగతికి వద్దాం. వెతికే ముందు ప్రశ్నని కాగితం మీద రాసుకో. "గర్భిణి రక్తహీనత" అని కొడితే వేలకు వేలు వచ్చిపడతాయి, ఒక్కటీ నీ ముందున్న మనిషి గురించి ఉండదు. "ఏడో నెల, హిమోగ్లోబిన్ 8, మాత్రలు పడటం లేదు, ఐరన్ సెలైన్లో ఎక్కిస్తే మాత్రలకన్నా కాన్పు నాటికి మెరుగ్గా ఉంటుందా?" అని రాయి. ఎవరికి, ఏమిచ్చి, దేనితో పోల్చి, ఏం జరగాలని అన్న ఈ నాలుగూ ఉంటే సగం పని అయినట్టే. కాలేజీలో దీన్నే పైకో అని నేర్పి ఉంటారు, పరీక్షవగానే మర్చిపోయి ఉంటావు.

మొదట చూడాల్సింది మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళు 2019 నుంచి వేస్తున్న స్టాండర్డ్ ట్రీట్‌మెంట్ వర్క్‌ఫ్లోలు, అంటే చికిత్స దశలు వరసగా చూపే పట్టికలు. ఒక్కో జబ్బుకీ దాదాపు ఒక్కో పేజీ. ఏం చెయ్యాలి, ఎప్పుడు రిఫర్ చెయ్యాలి అన్నది మన ఆసుపత్రులని మనసులో పెట్టుకుని రాశారు. తర్వాత డబ్ల్యూహెచ్‌వో మార్గదర్శకాలు. పాముకాట్లు ఎక్కువగా వస్తున్నాయన్నావు కదా, ఆగ్నేయాసియా దేశాల కోసం వాళ్ళు 2016లో వేసిన పాముకాటు పుస్తకం మొత్తం దించి ఫోన్లో ఉంచుకో. సిగ్నల్ డాబా మీదే వస్తుందన్నావు. పాము కాటేసినవాణ్ణి కింద పెట్టి నువ్వు మేడ ఎక్కలేవు. ఇంగ్లండు వాళ్ళ నైస్ మార్గదర్శకాలూ ఉచితమే, చక్కగా రాస్తారు కానీ అక్కడి ల్యాబులు, అక్కడి అంబులెన్సులు ఉన్నాయనుకుని రాస్తారు. చదువు, గుడ్డిగా దించకు.

పాలిచ్చే తల్లికి ఫలానా మందు ఇవ్వొచ్చా అని వారానికోసారైనా ఎవరో అడుగుతారు. మందుల షాపువాడు "పాలు మానెయ్యమ్మా" అని తేల్చేస్తాడు. ఆ మాట మీద పాలు ఎండిపోయిన తల్లులని చూశాను. ల్యాక్ట్‌మెడ్ అని అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వెబ్‌సైట్‌లో ఒకటుంది. మందు పేరు కొడితే పాలలోకి ఎంత వెళ్తుంది, బిడ్డకి ఏమవుతుంది అన్నది తెలిసినంత మేరకు చెబుతుంది. ఇది ఒక్కటి నేర్చుకున్నా ఈ ఉత్తరం గిట్టుబాటైనట్టే.

ఇక కాక్రేన్. ఒకే ప్రశ్న మీద జరిగిన ట్రయల్స్ (మందు పనిచేస్తుందో లేదో మనుషుల మీద పోల్చి చూసే పరీక్షలు) అన్నీ వెతికి, జల్లించి, కలిపి లెక్కగట్టేవాళ్ళు. 2007లో ఐసీఎంఆర్ చందా కట్టి దేశమంతటికీ ఆ లైబ్రరీ తెరిపించింది. ఎప్పుడైనా ఏదైనా సమీక్ష తెరుచుకోకపోయినా సారాంశం, మామూలు మాటల్లో రాసిన సంగ్రహం ఉచితంగానే ఉంటాయి. ఏడాది దాటిన సమీక్షలు చాలావరకు పూర్తిగా తెరిచే ఉంటాయి. వాళ్ళ గుర్తుని ఒకసారి తేరిపార చూడు. అందులో ఏడు అడ్డగీతలు, కింద చిన్న వజ్రం ఉంటాయి. నెలలు నిండకుండా కాన్పు వచ్చేలా ఉన్న తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ బతుకుతుందా అని చేసిన ఏడు ట్రయల్స్ అవి. మొదటిది 1972లో న్యూజిలాండ్‌లో లిగిన్స్, హోవీ చేశారు. విడివిడిగా కొన్ని తేల్చలేకపోయాయి, కలిపితే తేలిపోయింది. కలిపి చూడ్డానికే పదిహేనేళ్ళు పైన పట్టింది.

ఆ కథ అక్కడితో అయిపోలేదు, నీకు పనికొచ్చేది ఆ తర్వాతదే. 2014లో మన కేంద్ర ఆరోగ్యశాఖ, రిఫర్ చేసేముందు పల్లెల్లో పనిచేసే నర్సు ఏఎన్ఎం కూడా ఆ స్టెరాయిడ్ల కోవలోదే అయిన డెక్సామెథాసోన్ మొదటి డోసు ఇవ్వొచ్చని మార్గదర్శకాలు తెచ్చింది. సరిగ్గా ఆ ఏడే ఏసీటీ అనే పెద్ద ట్రయల్ ఫలితాలొచ్చాయి. బెల్గాం, నాగపూర్ సహా ఆరు దేశాల పల్లెల్లో, దాదాపు లక్ష కాన్పులు. నెలలు నిండని బిడ్డల్లో లాభం కనపడలేదు. మొత్తం మీద ప్రతి వెయ్యిమంది శిశువులకీ మూడు నాలుగు మరణాలు ఎక్కువయ్యాయి, తల్లులకి ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళలో చాలామందికి చివరికి నెలలు నిండాకే కాన్పయింది. మళ్ళీ 2020లో డబ్ల్యూహెచ్‌వో ట్రయల్ ఇంకొకటి వచ్చింది. ఈసారి భారత్ సహా ఐదు దేశాల ఆసుపత్రుల్లో, స్కానింగుతో వారాలు ఖాయం చేసుకుని, పసిబిడ్డల వార్డు ఉన్నచోట మాత్రమే 2,852 మంది తల్లులతో చేశారు. శిశు మరణాలు నూటికి 23.5 నుంచి 19.6కి తగ్గాయి. అంటే పాతికమంది తల్లులకి ఇస్తే ఒక బిడ్డ అదనంగా బతికింది. మందు అదే. ఇచ్చిన చోటు వేరు. కాబట్టి ఏ పేపరు తెరిచినా ముందు "ఎవరి మీద, ఎక్కడ చేశారు" అన్న పేరా చదువు. మనవాళ్ళు సారాంశంలో ఆఖరి వాక్యం చదివి మూసేస్తారు, నేనూ ఎన్నోసార్లు మూశాను.

పబ్‌మెడ్‌లో క్లినికల్ క్వెరీస్ అని ఒక కిటికీ ఉంది, చికిత్స ప్రశ్నలకి అక్కణ్ణుంచి వెళ్తే చెత్త తగ్గుతుంది. పూర్తి పేపరు కావాలంటే పబ్‌మెడ్ సెంట్రల్ చూడు. అన్‌పేవాల్ అని బ్రౌజర్‌లో పెట్టుకునే చిన్న సాధనం ఉంది, ఉచిత కాపీ ఎక్కడైనా ఉంటే ఆకుపచ్చ తాళం చూపిస్తుంది. అదీ లేకపోతే పేపరు రాసినాయనకే మర్యాదగా మెయిల్ పెట్టు, చాలామంది సంతోషంగా పంపుతారు. పేద దేశాల కోసం డబ్ల్యూహెచ్‌వో నడిపే హినారీ గురించి ఎవరైనా చెబితే ఆశపడకు, మన దేశం అందులో లేదు. అయితే 2025 జనవరి నుంచి ప్రభుత్వ కాలేజీలకి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది, పదమూడు వేల దాకా పత్రికలు. పీహెచ్‌సీకి రాదు. కాబట్టి ఎప్పుడైనా కాలేజీకి వెళ్తే లైబ్రరీలో కూర్చుని చదువుకో.

పేరున్న పత్రికని కూడా దేవుడి వాక్కనుకోకు. 2020 మేలో 96 వేలమంది రోగుల లెక్కలంటూ కోవిడ్‌కి వాడిన హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద లాన్సెట్‌లో పేపరొచ్చింది. అసలు లెక్కలు చూపించమంటే చూపించలేక రెండు వారాలకే వెనక్కి తీసుకున్నారు. అలాంటి పేపరుకి పబ్‌మెడ్‌లో పైన పెద్దగా నోటీసు ఉంటుంది, దాటుకుంటూ పోకు. చాట్‌బాట్‌ని అడుగుతున్నావేమో, అది లేని పేపరుకి కూడా ముద్దుగా పేరు పెట్టి చెబుతుంది. పేరు పబ్‌మెడ్‌లో కనిపించాకే నమ్ము. మందుల కంపెనీ రెప్పు ఇచ్చే మెరిసే కాగితం మీద "ముప్ఫై శాతం తగ్గింపు" అని ఉంటే, నూటికి ఎంతమంది నుంచి ఎంతమందికి తగ్గిందని అడుగు. చాలామంది ఆ తర్వాత పెన్ను ఇచ్చి వెళ్ళిపోతారు.

రోజూ చెయ్యలేవు, ఓపీ వందమంది ఉంటే నేనూ చెయ్యలేను. వారానికి ఒక్క ప్రశ్న, ఆదివారం పొద్దున డాబా మీద. ఒక నోటుబుక్కులో ప్రశ్న, దొరికింది, తేదీ రాసుకో. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ బుక్కు తీసుకురా. ఆ రక్తహీనత ప్రశ్నకి నేనూ ఈలోపు వెతికి ఉంచుతాను, ఇద్దరికీ ఒకటే దొరికిందో లేదో చూద్దాం.

మీ మామయ్య