కామెడీ సినిమా తీస్తున్న మా మేనకోడలికి

అమ్మణ్ణీ,

నువ్వు ఉద్యోగానికి సెలవు పెట్టి కామెడీ సినిమా తీస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో ఏడుస్తూ చెప్పింది. వీధిలో అందరికీ గొప్పగా చెప్పుకున్నదీ ఆమే అనుకో. ఊళ్లో ఆడే భారతం నాటకాల్లో ఎప్పుడూ భటుల వేషాలే దక్కే నలుగురు కలిసి సొంతంగా నాటకం కట్టే కథ అంట కదా. మన చిత్తూరు పల్లెల్లో అలాంటివాళ్లు లేని ఊరుందా!

మైకు మంచిది తీసుకో. అమ్మ నగలు తాకట్టు పెట్టావంటే ఊరుకోను. తిరుమల కొండ మీద డ్రోన్ నిషేధం, ఆ ఆలోచనే మానుకో. మన తిరుపతి రాజ్, చిత్తూరు డీకే నిర్మించిన 'సినిమా బండి' (2021) ఇంకోసారి చూడు. ఆటో డ్రైవర్‌కి కెమెరా దొరికితే ఊరోళ్లు సినిమా తీయడానికి దిగుతారు. వాళ్లకి పని రాదని నవ్వుతాం గానీ వాళ్ల ఆశను చూసి నవ్వం.

నా టెన్షన్ అంతా ఒక్కదాని గురించే. పొట్టిగా ఉండే మన వీధి టైలర్‌ని పెట్టుకున్నావంట. ఆయనకి ఏం జోకులు రాశావు?

మా భారతంలో ఒకతనికి నత్తి ఉండేది. నాటకం నేర్పే వాద్యారు అతనికి హాస్యగాడి వేషమిచ్చి, నత్తిని ఇంకా సాగదీయమన్నాడు. ఆ రాత్రి జనం పడీపడీ నవ్వారు. తెల్లారి టీకొట్టు దగ్గర పిల్లకాయలు అతన్ని అదే నత్తితో పిలిచారు. మళ్లీ వేషానికి రాలేదు. దుర్యోధన వధ రోజు ఊరంతా దుర్యోధనుడి మట్టిబొమ్మ చుట్టూ మూగితే, అతను చెరువుకట్ట మీద ఆవుల్ని తోలుకుంటూ కర్ణుడి పద్యం ఎత్తుకున్నాడు. ఒక్క అక్షరం తడబడలేదు. పాడేటప్పుడు నత్తి రాదు కదా! నీకే వేషం కావాలని వాద్యారు ఒక్క మాట అడిగుంటే? మాటలు మింగే మనిషి పద్యం అందుకోగానే రాజైపోతాడు. అంతకన్నా మంచి సీను నువ్వు రాయగలవా, పిచ్చి పిల్లా?

'అహ నా పెళ్లంట'లో (1987) కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటాడు. అది పొదుపని ఆ పాత్ర గట్టిగా నమ్ముతుంది, అందుకే అంత నవ్వు. టైలర్‌ని కూడా ఏదో ఒకటి నమ్మనీ. దుర్యోధనుడి అంగీ తన కొలతకే కుట్టి పెట్టుకుని పిలుపు కోసం ఎదురుచూస్తున్నాడనుకో. ఆ అంగీ ఊళ్లో ఇంకెవరికీ సరిపోదు! రాసింది ముందు ఆయనకే చదివి వినిపించు. ఆయన నవ్వకపోతే ఆ జోకు కొట్టెయ్.

ముసలివేషం ఉంటే చెప్పు. డబ్బులొద్దు. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా రాగిసంగటి పెట్టాలి, నాకు షుగర్ ఉంది కదా.

మీ మామ