నవ్వాలంటే భయం

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. మా తమ్ముడు పోయి 19 నెలలైంది. నాకంటే ఆరేళ్లు చిన్న, నా చేతుల్లో పెరిగినవాడు. మేం కొత్త ఇంట్లోకి మారి అందరం సంతోషంగా ఉన్న వారంలోనే వాడి జబ్బు బయటపడింది. ఆ తర్వాత ఎనిమిది నెలలు బతికాడు. ఆ ఎనిమిది నెలల్లో వాణ్ణి బతికించమని దేవుణ్ణి అడగని రోజు లేదు. వాడు పోయాక దేవుడి ముందు కూర్చోవడం మానేశాను. మా అమ్మ మాత్రం ఇదివరకటి కంటే ఎక్కువసేపు ప్రార్థన చేసుకుంటోంది. చూస్తుంటే ఒళ్లు మండుతోంది. పోయిన నెల మా అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. పరుగున వచ్చి చెబితే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, 'మరీ అంత పొంగిపోకు.' దాని మొహం వాడిపోయింది. నేను బాత్‌రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను. నవ్వాలంటే భయం. నవ్విన మర్నాడే ఏదో అవుతుందని టెన్షన్. ఇంట్లో పని, ఆఫీసు పని చేస్తూనే ఉన్నాను. మా ఆయన 'ఇంకా ఎన్నాళ్లిలా?' అంటారు. ఒక్కోసారి వాడితోపాటే నేనూ పోయుంటే బాగుండేదనిపిస్తుంది. వాడు ఆఖరుగా పంపిన వాయిస్ మెసేజ్ నా ఫోన్‌లో ఉంది, 11 సెకన్లు. ఇంతవరకు వినలేదు. నాకు మళ్లీ సంతోషం, నమ్మకం అనేవి వస్తాయా?

జవాబు: ఉత్తరం చివర్లో ఏదో మాటవరసకన్నట్టు రాసి వదిలేసిన వాక్యం ఉంది చూడండి, 'వాడితోపాటే నేనూ పోయుంటే' అన్నది, ముందు దాని గురించి అడుగుతాను. బాగా దగ్గరివాళ్లను పోగొట్టుకున్నవాళ్లలో చాలామందికి ఈ మాట మనసులో మెదులుతుంది. వాళ్ల దగ్గరికి వెళ్లాలన్న ఆరాటమే చాలాసార్లు ఆ రూపంలో వస్తుంది. కానీ అది 'పోయుంటే బాగుండేది' దగ్గర ఆగకుండా 'పోతే బాగుండు' అనో, ఎలా పోవాలి అనో మారితే మాత్రం నా జవాబు కోసం కాదు కదా, మర్నాటి కోసం కూడా ఆగొద్దు. ఆ రోజే ఇంట్లో ఒకరితో చెప్పి, వాళ్లను వెంటబెట్టుకుని మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. సిగ్గుపడాల్సిన పని కాదది.

ఇంకోటి కూడా ఇక్కడే చెప్పేస్తాను. దుఃఖం ఆరు నెలలు దాటినా రోజూ అదే తీవ్రతతో ఉండి, రోజువారీ జీవితాన్నే కుంటుపరిస్తే దాన్ని చికిత్స అవసరమైన స్థితిగా చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ చెబుతోంది. అమెరికా మానసిక వైద్యులు 2022 నుంచి వాడుతున్న పుస్తకంలో పెద్దవాళ్లకు ఆ గడువు ఏడాది. 19 నెలలైంది కాబట్టి మీది జబ్బే అనడం లేదు నేను. నెలల లెక్క ఒక్కటే చాలదు, మీ పనులు మీరు చేసుకుంటున్నారు కూడా. అయినా మీ భయం ఇంట్లోవాళ్లనూ తాకుతోంది కనుక, ఎదురుగా కూర్చుని వినే కౌన్సెలర్‌ను ఒకసారి కలిస్తే మంచిదనే అంటాను. ఉత్తరంలో నేను మీ మొహం చూడలేను కదా.

ఇక మీ అమ్మాయి సంగతి.

కొత్త ఇల్లు, ఆ వారంలోనే తమ్ముడి జబ్బు. మీరు ఒక్క వాక్యంలో రాసి ముందుకెళ్లిపోయారు గానీ, నాకు ముడి అంతా అక్కడే కనిపించింది. మన మనసుకు పక్కపక్కనే జరిగినవాటిని జతకట్టేయడం అలవాటు. నవ్వాం, దెబ్బ పడింది. కాబట్టి నవ్వినందుకే దెబ్బ పడింది. దీనికి తోడు 'ఇంత నవ్వితే ఎంత ఏడవాలో' అన్న మాట చిన్నప్పటి నుంచీ మనందరి చెవుల్లో పడిందే. కానీ ఆ జబ్బు మీరు ఇల్లు మారిన వారంలో పుట్టలేదమ్మా, ఆ వారంలో మీకు తెలిసిందంతే. ఆ వారమంతా మీరు మొహాలు ముడుచుకుని కూర్చున్నా రిపోర్టులో అదే వచ్చేది.

మీకొక్కరికే ఉన్న వింత అనుకోకండి. సంతోషమంటే భయపడటం ఎంతవరకు ఉందో కొలవడానికి మొహ్సెన్ జోషన్‌లూ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రత్యేకంగా ఒక ప్రశ్నావళినే తయారుచేశారు. పలు దేశాల్లో దాన్ని వాడి చూశారు కూడా. మనుషులకు ఈ భయం ఎంత మామూలో అర్థమవడానికే చెబుతున్నాను.

ఆ భయం మీకొక బేరం చూపిస్తోంది. ఇప్పుడు తక్కువ నవ్వితే రేపు తక్కువ ఏడవొచ్చు అంటోంది. దీన్ని నమ్మే ముందు మీ అనుభవాన్నే ఒకసారి అడిగి చూడండి. ఎనిమిది నెలలపాటు, తమ్ముడు బతికుండగానే మీరు ముందుగా ఏడ్చారు. వాడు పోయిన రోజున మీ దుఃఖంలో ఆ ఎనిమిది నెలల ఏడుపూ ఏమైనా తగ్గిందా? తగ్గి ఉండదు. పైగా, వాడితో కూర్చుని కాసేపు నవ్వుకోగలిగిన సాయంత్రాలు కొన్ని ఆ ముందస్తు ఏడుపు కింద పోయుంటాయి. మిమ్మల్ని నొప్పించడానికి కాదు ఈ మాట. మీ అమ్మాయి విషయంలో మళ్లీ అదే బేరానికి దిగుతున్నారు, అందుకని.

కాబట్టి ముందు ఆ పిల్ల దగ్గరికి వెళ్లండి. నెలయింది కదా, ఇప్పుడేం బాగుంటుంది అనుకోకండి. 'ఆ రోజు నువ్వు చెప్పింది నేను సరిగా వినలేదు. నాకు భయమేసి అలా అనేశాను. మళ్లీ మొదటి నుంచి చెప్పు' అనండి. ఫోన్ ఎప్పుడొచ్చింది, ఎవరు చేశారు, వాళ్లు ఏమన్నారు, తను ఏమంది, అన్నీ అడగండి. వింటున్నప్పుడు ఎక్కడో ఒకచోట గుండె దడదడలాడుతుంది. ఆడనివ్వండి. లేచి వెళ్లిపోకుండా కూర్చోవడమే మీ పని. కన్నీళ్లొస్తే దాని ముందే రానివ్వండి, బాత్‌రూమ్ దాకా వెళ్లక్కర్లేదు. మేనమామ ఉంటే ఎంత సంబరపడేవాడో అని దానికీ అనిపించే ఉంటుంది. మీరు బాధపడతారని పైకి అనలేదేమో. ఆ మాట ఎవరో ఒకరు ముందు అనాలి కదా, మీరే అనండి.

నవ్వూ ఏడుపూ ఒకే గంటలో వస్తే తప్పేమీ లేదు. 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక మాట చెప్పారు. ఆత్మీయులను పోగొట్టుకున్న మనిషి రెండు వైపుల మధ్య అటూ ఇటూ తిరుగుతూ ఉంటాడట. కాసేపు పోయినవాళ్ల దగ్గర, కాసేపు మిగిలిన బతుకు దగ్గర. వంట, ఆఫీసు, పిల్లల ఉద్యోగాలు, ఒక జోక్, మళ్లీ హఠాత్తుగా వాడి చెప్పుల జత. ఆ తిరగడం వల్లే మనిషి కోలుకుంటాడన్నది వాళ్ల ఆలోచన. నా దగ్గరికి వచ్చినవాళ్లను ఇన్నేళ్లుగా చూసిన నాకు ఇది నిజమనే అనిపిస్తుంది. అచ్చంగా ఏడుస్తూనే ఉండిపోయినవాళ్లూ, అసలేమీ జరగనట్టు పనుల్లో మునిగిపోయినవాళ్లూ, ఇద్దరూ ఇరుక్కుపోవడం చూశాను.

మీవారి 'ఇంకా ఎన్నాళ్లు'కి కూడా ఇందులోనే జవాబుంది. దుఃఖానికి ఐదు మెట్లుంటాయి, ఒక్కోటీ ఎక్కితే చివరికి బయటపడతాం అన్న అభిప్రాయం జనంలో బాగా నాటుకుపోయింది. ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ అనే వైద్యురాలు 1969లో ఆ ఐదు దశల గురించి రాసింది అసలు చావుకు దగ్గరైన రోగులను చూసి. అది తర్వాత వాళ్లను పోగొట్టుకున్నవాళ్లకు అంటుకుంది. ఆయన మనసులోనూ అలాంటి మెట్ల లెక్క ఏదో ఉండి ఉంటుంది. 19 నెలలైంది, ఇంకా కింది మెట్టు మీదే ఉందేమిటి అని. విసుగు కంటే భయమే ఎక్కువనుకుంటాను ఆయనకు. 'ఎన్నాళ్లో నాకూ తెలియదు. ఏడుస్తున్నప్పుడు పక్కన కూర్చోండి చాలు, ఏమీ అనక్కర్లేదు' అని చెప్పి చూడండి. ఏం చేయాలో తెలియకే ఆ ప్రశ్న వేసే మగవాళ్లను చాలామందిని చూశాను.

దేవుడి సంగతి చివరికి వాయిదా వేసుకుంటూ వచ్చాను, నిజం చెప్పాలంటే. దేవుడెందుకు వినలేదో నాకు తెలియదు. తెలుసన్నట్టు మాట్లాడేవాళ్లంటే నాకు కొంచెం చిరాకు కూడా. 'మంచివాళ్లనే దేవుడు ముందు తీసుకెళ్తాడు' అని మీతో ఎవరో ఒకరు అనే ఉంటారు. మరి మిగిలిపోయిన మనమంతా ఎవరమో!

నేనూ ఒకప్పుడు మూడేళ్లపాటు దేవుడితో మాట మానేశాను. కారణం ఇక్కడ అక్కర్లేదు. ఆ మూడేళ్లలో నాకు తెలిసొచ్చిందేమిటంటే, లేడనుకున్నవాడి మీద మనం అలగలేం. మీ ఉత్తరంలో నాకు నాస్తికత్వం కనిపించలేదు, అలక కనిపించింది. ఎంతో నమ్మి అడిగితే మాట దక్కించని పెద్దమనిషి మీద ఉండే కోపం అది. దేవుడి మీద కోపం రావడం పాపమని చాలామంది లోపలే దాచుకుని కుమిలిపోతారు. దేవుడు నన్ను శిక్షించాడు, నన్ను వదిలేశాడు అన్న ఆలోచన లోపల గడ్డకట్టి ఉండిపోయినవాళ్లకు దిగులూ ఆందోళనా ఎక్కువగా ఉంటాయని కెన్నెత్ పార్గమెంట్ లాంటి మనస్తత్వవేత్తలు ఏళ్ల తరబడి చేసిన అధ్యయనాల్లో చూశారు. అందుకని మీరు మళ్లీ దేవుడి ముందు కూర్చోవాలనిపిస్తే భక్తిగానే కూర్చోవాలన్న నియమం పెట్టుకోకండి. దెబ్బలాడ్డానికే కూర్చోండి. అడగాలనుకున్నవన్నీ, 'ఎందుకు' దగ్గర మొదలుపెట్టి, గట్టిగానే అడగండి. ఆ గదిలో ఇంకెవరూ లేకుండా చూసుకుంటే చాలు.

కూర్చోవాలనిపించకపోతే కూర్చోవద్దు. నమ్మకాన్ని బలవంతంగా రప్పించే ఉపాయం నా దగ్గర లేదు. ఉన్నా చెప్పేదాన్ని కాదు.

అమ్మగారి మీద కోపం మాత్రం కాస్త పక్కన పెట్టి చూడండి. ఆమె కొడుకును పోగొట్టుకుంది. ఆ ప్రార్థన చూస్తే, కొడుకును తీసుకున్నవాడి ముందే మళ్లీ చేతులు జోడిస్తోందని మీకు మండుతోంది. కానీ ఆ చేతులు జోడించి ఆమె లోపల ఏమంటోందో మీరు విన్నారా? ఇలాగే కొడుకు పోయిన ఒకావిడ నా దగ్గరికి వచ్చేవారు. రోజూ గంటసేపు కళ్లు మూసుకుని కూర్చుంటారని ఇంట్లో అందరికీ విసుగు. అంతసేపు ఏం కోరుకుంటారమ్మా అని అడిగాను ఒకరోజు. 'కోరుకోవడమా? తిడతాను' అన్నారావిడ. 'ఇంకెవర్ని తిట్టను? మిగతావాళ్లంతా మూర్ఛపోతారు.' ఇద్దరం చాలాసేపు నవ్వాం. ఆ తర్వాత ఆవిడ ఏడ్చారు.

మీ అమ్మగారు తిడుతున్నారో, వేడుకుంటున్నారో, ఊరికే కొడుకు పేరు తలుచుకుంటున్నారో నాకెలా తెలుస్తుంది? అడగండి. ఆమె లేచాక కాదు, కూర్చున్నప్పుడే వెళ్లి పక్కన కూర్చోండి. మీరు ప్రార్థన చేయక్కర్లేదు, కళ్లు మూసుకోవాల్సిన పని కూడా లేదు. ఒకే మనిషి కోసం ఏడుస్తున్న ఇద్దరు ఆడవాళ్లు ఒకే ఇంట్లో వేర్వేరు గదుల్లో ఏడవడం ఎందుకు?

సంతోషం వస్తుందా అన్నారు. వచ్చిందమ్మా, పోయిన నెల గుమ్మం దాకా పరుగెత్తుకుంటూ వచ్చింది. మీరు దాన్ని 'పొంగిపోకు' అన్నారు. అది మళ్లీ రాకపోదు, ఈసారి చిన్నగా రావొచ్చు, ఎవరో చెప్పిన పనికిమాలిన జోక్‌కు మీకు తెలియకుండానే నవ్వొచ్చేయడంలా. అప్పుడు మర్నాడు ఏమైందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఒక నెలపాటు రాయండి. నవ్విన రోజులు, వాటి మర్నాళ్లు. నవ్వు వల్ల ఏదో అవుతుందన్న భయానికి ఎదురుగా ఉంచడానికి మీ చేతిరాతలోనే సాక్ష్యం ఉంటుంది. కొన్ని మర్నాళ్లు బాగోవు, అది కూడా రాయండి, నవ్వని రోజుల మర్నాళ్లతో పోల్చి చూసుకోండి.

ఆ 11 సెకన్ల మెసేజ్ గురించి. వినమని గానీ వద్దని గానీ నేను చెప్పను. ఒకరోజు మీకే వినాలనిపిస్తుంది, ఒంటరిగా కాకుండా మీ అమ్మాయినో అమ్మగారినో పక్కన కూర్చోబెట్టుకుని వినండి. వినకపోయినా ఒక పని మాత్రం ఈ వారమే చేయించండి. దాన్ని ఇంకో రెండుచోట్ల కాపీ చేసి దాచమని మీ అమ్మాయికి చెప్పండి. ఫోన్లు పాడవుతాయి, పోతాయి.