గడువు అడిగితే పక్షపాతమా?

ప్రశ్న: పూర్తికాలం ఉద్యోగం చేస్తూ పీజీ చదువుతున్నాను. తరగతులు సాయంత్రం. తోటివారిలో చాలామందికి ఉద్యోగం లేదు. సోమవారం ఇచ్చిన అసైన్‌మెంట్‌ శుక్రవారం సాయంత్రం 5 గంటలకల్లా అందించాలి. ఒకసారి ఆఫీసు పని మీదపడి రెండు రోజులు అడిగితే మా మేడమ్ ఇచ్చారు. ‘నీకో న్యాయం, మాకో న్యాయమా’ అని తోటివారు ఎత్తిపొడిచారు. రెండోసారి అడిగితే ‘అందరికీ ఒకటే నియమం’ అన్నారామె. చదువు మానేయమని అక్క పోరుతోంది. అడగడమే నా తప్పా?

జవాబు: అడగడం తప్పు కాదు. అడిగిన తీరే మీకు చేటు తెచ్చింది. ‘నాకు రెండు రోజులివ్వండి’ అంటే అది దయాదాక్షిణ్యాల వ్యవహారం అయిపోతుంది. మొదటిసారి దయ చూపినవారు రెండోసారి విసుక్కుంటారు. చూసేవారికి అదే పక్షపాతంలా కనిపిస్తుంది.

ఆ గడువు ఎప్పుడు ముగుస్తుందో గమనించారా? శుక్రవారం 5 గంటలు, అంటే చాలామంది ఇంకా ఆఫీసులోనే ఉండే సమయం. పగలు ఖాళీగా ఉన్నవారికి చేతిలో దాదాపు ఐదు రోజులు. మీకు మిగిలేవి నాలుగు రాత్రులు, అవీ తరగతి ముగించుకుని ఇల్లు చేరాక. పేరుకు ఒకటే నియమం! దాన్ని ఆదివారం రాత్రికి మారిస్తే ఎవరికీ ప్రత్యేక మినహాయింపు అక్కర్లేదు. దిద్దేవారికీ పెద్ద నష్టం ఉండదు. శుక్రవారం అందిన కాగితాలను ఆ రాత్రే ముందేసుకుని కూర్చునే అధ్యాపకులు ఎవరైనా ఉంటే వారికి నా సానుభూతి.

కాబట్టి ఈసారి మీ మేడమ్‌కు ఇలా రాయండి: ‘గడువును శుక్రవారం నుంచి ఆదివారం రాత్రికి, తరగతి మొత్తానికి మార్చడం వీలవుతుందా? కుదరకపోతే ప్రశ్నలు ముందు శుక్రవారమే ఇవ్వగలరా?’ సెమిస్టర్ మొదటి వారంలోనే రాయండి. గడువు ముందురోజు రాత్రి రాస్తే నిజం కూడా సాకులాగే వినిపిస్తుంది. కొన్ని కోర్సుల్లో ప్రతి విద్యార్థికీ కారణం చెప్పకుండా వాడుకునే కొన్ని ఆలస్యపు రోజులు ఇస్తారు. అదీ అడిగి చూడండి. ఎత్తిపొడిచిన వారిలో ఎవరింట్లో ఎవరు మంచం పట్టి ఉన్నారో మనకు తెలియదు. ఆ రోజులు వారికీ పనికొస్తాయి.

ఒక మాట మీకు రుచించకపోవచ్చు. ఆలస్యంగా మొదలుపెట్టి ఉద్యోగాన్ని అడ్డుపెట్టుకోవడం కూడా మామూలే. 1994లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, థీసిస్‌ ఎన్నాళ్లలో ముగిస్తారని విద్యార్థులను అడిగితే సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే 49 అన్నారు. తీరా పట్టింది 55 రోజులు. మీ అంచనాకు సగం కలిపి మొదలుపెట్టండి.

ఇక అక్క సంగతి. ఆమె కంటికి కనబడుతున్నది చదువు కాదు, మీ నిద్రలేమి. దాన్ని కొట్టిపారేయకండి. ఐరోపా విశ్వవిద్యాలయాల లెక్కలో ఒక క్రెడిట్‌ అంటే 25 నుంచి 30 గంటల పని. అంటే 5 క్రెడిట్ల సబ్జెక్టు 125 గంటలకు తగ్గదు. అలాంటివి మూడు 15 వారాల్లో ముగించాలంటే వారానికి 25 గంటలు కావాలి. అదీ 40 గంటల ఉద్యోగం పైన. మీ కోర్సుకూ ఈ లెక్క వేసి, కాగితం మీద పెట్టి అక్కతో కూర్చోండి. సెమిస్టర్‌కు ఒక సబ్జెక్టు తగ్గించుకునే వీలుందేమో విశ్వవిద్యాలయాన్ని అడగండి. డిగ్రీ ఒక ఏడాది ఆలస్యమైనా ఫరవాలేదు. ఏది తగ్గించుకోవాలో తేలేదాకా, మానేసే మాట ఇద్దరూ ఎత్తకండి.