అల్లుడి పరుపు, భోగి తెల్లవారుజాము

"మా పాపకి రెండున్నరేళ్లు. పగలు చెప్పి బాత్రూంకి వెళ్తోంది, రాత్రి మాత్రం పక్క తడిపేస్తోంది. రాత్రి డైపర్ మానేసి నెలైంది. ఎలా అలవాటు చెయ్యాలి?" అని అడిగారు కదా.

అలవాటు చెయ్యలేరండి. ఆ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ హాయి. పగటి సంగతి వేరు, అది నేర్పితే వస్తుంది. రాత్రిది నేర్పేది కాదు. నాకు రాజోలు వైపు ఎరువుల కొట్టుంది కాబట్టి నాకు తెలిసిన భాషలో చెప్తాను. వరి ఊడ్చిన పదో రోజున వెన్ను తియ్యమని ఎంత యూరియా చల్లినా చేను తియ్యదు. దాని రోజులు దానికి నిండాలి.

మా బుడ్డోడి విషయంలో ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ భోగి నాడు అంత పరువు పోయేది కాదు.

అప్పటికి వాడికి మూడేళ్లు నిండి రెండు నెలలు. పండక్కి అంబాజీపేట దగ్గర మా అత్తారింటికి వెళ్లాం. అల్లుడొస్తున్నాడని మావయ్యగారు అటక మీంచి బూరుగుదూది పరుపు దింపించి, రెండు రోజులు ఎండలో పెట్టించి, కొత్త గలేబు కుట్టించారు. దాని మీద పడుకుంటే మనిషి సగం లోపలికి దిగిపోతాడు. ఇప్పుడు డబ్బాలో చుట్టి అమ్మే ఫోం పరుపులున్నాయే, నీళ్లు పడితే పీల్చుకుని వారం రోజులు కక్కవు, వాటితో దీన్ని పోల్చకండి. ఈ మాట అన్నందుకు మా ఆవిడకి కోపం, ఎందుకంటే మా ఇంట్లో ఉన్నది ఫోం పరుపే. సరే.

రబ్బరు షీటు ఇంట్లోనే మర్చిపోయాం. ఎవరు మర్చిపోయారన్నది ఇంకా తేలలేదు. "ఇవాళ పడుకునే ముందు పోయించానులెండి, ఏం కాదు" అంది మా ఆవిడ. తెల్లవారుజామున మూడున్నరకి నడుం కింద వెచ్చగా తగిలి మెలకువ వచ్చింది. రెండు నిమిషాల్లో ఆ వెచ్చదనం పోయి జనవరి చలి పట్టుకుంది. వాడు మాత్రం నా పొట్ట మీద కాలేసుకుని, నోరు తెరుచుకుని, మహారాజులా నిద్రపోతున్నాడు.

ఇంకో గంటలో ఇంటిల్లిపాదీ భోగి మంటకి లేస్తారు. వాణ్ణి పొడి దుప్పట్లో చుట్టి వాళ్లమ్మ పక్కన పడుకోబెట్టి, పరుపు చుట్టి భుజానికెత్తుకుని డాబా మెట్లెక్కాను. బూరుగుదూది తడిస్తే ఎంత బరువుంటుందో ఆ రోజే తెలిసింది. సగం మెట్ల మీద ఉండగా కింద లైటు వెలిగింది. మావయ్యగారు. నన్ను పై నుంచి కిందికి చూశారు, పరుపు వైపు చూశారు, నా లుంగీ వైపు చూశారు. "బాబూ, ఇంకా ఎండ రాలేదు కదండీ" అన్నారు. ఆయ్, అంతే అన్నారు. మా వైపు మర్యాద అలాగే ఉంటుంది, మనిషిని నిలువునా కోసేసి పైన "అండీ" అంటించి వదుల్తారు.

మంట దగ్గర మా ఆవిడ మామ్మగారు తీర్పు చెప్పేశారు. "నిప్పుతో ఆడితే పక్క తడుపుతారర్రా, వాణ్ణి మంట దగ్గరికి రానివ్వకండి." నేను ఊరుకోవచ్చుగా. "మామ్మగారూ, వాడు తడిపింది మూడున్నరకి, మంటేసింది నాలుగున్నరకి" అన్నాను. "నిన్న పిడకల దండ ముట్టుకున్నాడుగా" అన్నారావిడ. దానికి నా దగ్గర సమాధానం లేదు.

ఇక్కడిదాకా నవ్వుకునే కథే. సాయంత్రం భోగిపళ్లు పోశారు. వాణ్ణి పీట మీద కూర్చోబెట్టి, రేగుపళ్లు, బంతిపూల రేకులు, చిల్లర డబ్బులు నెత్తిన పోస్తుంటే వాడు కిలకిలా నవ్వుతూ డబ్బులేరుకుంటున్నాడు. పేరంటానికొచ్చిన ఒకావిడ అక్షింతలేస్తూ "వీడేనా అల్లుడిగారి పరుపు తడిపేసింది? సిగ్గు, సిగ్గు" అంది, ముద్దుగానే అంది. పది మందీ నవ్వారు. వాడు చేతిలో రూపాయి బిళ్ల అలాగే పట్టుకుని తల దించుకున్నాడు. మూడేళ్లవాడికి సిగ్గంటే ఏంటో తెలీదనుకుంటాం. బాగానే తెలుసండి.

ఆ రాత్రి వాడు పడుకోలేదు. పదైంది, పదకొండైంది, కళ్లు మూతలు పడుతున్నా లేచి కూర్చుంటున్నాడు. "పడుకో నాన్నా" అంటే "పడుకోను, పడుకుంటే వచ్చేత్తది" అన్నాడు. నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. అంతకు ముందు నలభై రోజులు రోజూ రాత్రి పదకొండింటికి వాణ్ణి ఎత్తుకెళ్లి నిద్రలోనే పోయించినవాణ్ణి నేనే. పొద్దున్న పక్క పొడిగా ఉంటే చప్పట్లు కొట్టినవాణ్ణీ నేనే. చప్పట్లు కొట్టని రోజున వాడు ఏమనుకునేవాడో ఎప్పుడైనా ఆలోచించానా? ఆ లేపడం వల్ల ఆ పూటకి దుప్పటి మిగుల్తుందేమో గానీ పిల్లాడికి ఒరిగేదేం లేదు. వాడు నిద్రలోనే ఉంటాడు, మెలకువగా ఉన్నది మనం.

ఏం చెయ్యాలో తోచక డాబా మీదికెళ్లి అమ్మకి ఫోన్ చేశాను. "ఒరేయ్, నీకు మూడో తరగతి దాకా ఉండేది కదరా" అంది. నాకు నిజంగా గుర్తు లేదు. "వానాకాలం బొంతలు ఆరక, పొయ్యి మీద తాడు కట్టి ఆరేసేదాన్ని. నువ్వు సిగ్గుపడతావని మీ నాన్నగారు ఇంట్లో ఎవర్నీ ఆ మాట ఎత్తనిచ్చేవారు కాదు" అంది. ముప్పై ఏళ్లుగా ఆ సంగతి నాకు తెలియకపోవడమే ఆయన పెంపకం అనుకుంటాను.

కిందికొచ్చి వాడి పక్కన పడుకుని, "నేనూ పోసేవాణ్ణిరా చిన్నప్పుడు" అన్నాను చెవిలో. "నువ్వా?" అన్నాడు. "నేనే." కాసేపు నా మొహంలోకి చూసి, పక పకా నవ్వి, ఐదు నిమిషాల్లో నిద్రపోయాడు. ఆ రాత్రి కూడా తడిపాడు. ఈసారి కింద నాలుగు పాత నేత చీరలు మడతేసి ఉన్నాయి కాబట్టి కొంప మునగలేదు.

తర్వాత పిల్లల డాక్టరు గారు చెప్పింది విన్నాక అమ్మ మాటకి లెక్క కుదిరింది. రాత్రిపూట మూత్రం తక్కువ తయారవ్వాలని కిడ్నీలకి చెప్పే హార్మోన్ ఒకటుంది, వాసోప్రెస్సిన్ అంటారు. కొందరు పిల్లల్లో అది రాత్రిళ్లు తగినంత పెరగడానికి ఏళ్లు పడుతుంది. దానికి తోడు మూత్రాశయం నిండిందన్న కబురు అందుకుని మెదడు నిద్రలేవాలి. గాఢ నిద్ర పిల్లలకి ఆ కబురు అందదు. ఐదేళ్ల పిల్లల్లో కూడా నూటికి 15 మంది దాకా ఇంకా పక్క తడుపుతూనే ఉంటారట. అమ్మానాన్నల్లో ఒకరికి చిన్నప్పుడు ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం నూటికి 40 పైన, ఇద్దరికీ ఉంటే 70 పైన. అందుకే ఐదేళ్ల లోపు దీన్ని జబ్బుగా చూడరు. మీ పాపకి రెండున్నరే. ముందు మీ అమ్మగారికీ అత్తగారికీ చెరో ఫోన్ చెయ్యండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఆయన ఇంకో ప్రశ్న అడిగారు, నాకు ఆశ్చర్యం వేసింది: "రెండుకి రోజూ సాఫీగా వెళ్తాడా?" వెళ్లడు. రెండు రోజులకోసారి, అదీ గట్టిగా. లోపల మలం గట్టిపడి పేరుకుంటే మూత్రాశయాన్ని నొక్కుతుందట. అరటిపండు, ఆకుకూర పప్పు, పగలు బాగా నీళ్లు. అలాగే సాయంత్రం మా నాన్నగారి సాసర్లోంచి టీ చప్పరించడం మాన్పించాం. టీ మాన్పించినందుకు మనవడికన్నా తాతగారే ఎక్కువ అలిగారు.

చీకటి పడితే నీళ్లు బంద్ చేయమని మీకు చాలామంది చెప్తారు. దప్పికైన పిల్లకి నీళ్లివ్వకపోవడం ఏం న్యాయమండి? కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళ్తే, వాడు నా భుజాల మీద కూర్చుని ఒక కొబ్బరిబోండం, చెరుకు రసం, పైన సగం సోడా తాగాడు. రాత్రి పక్క ఎండు కొబ్బరి చిప్పలా పొడిగా ఉంది. అక్కడితో నీళ్ల సిద్ధాంతం నా దృష్టిలో చచ్చిపోయింది. ఒక్క రాత్రి చూసి అలా అనకూడదు అంటుంది మా ఆవిడ. నేను అంటాను.

పక్క తడపడం తగ్గుతుందని కొందరు నువ్వులుండలు పెట్టమన్నారు, పెట్టాం. వాడికి నువ్వులుండలు ఇష్టమయ్యాయి, అంతవరకే జరిగింది.

రాత్రి డైపర్ మళ్లీ వెయ్యొచ్చా అని మీరు అడగలేదు గానీ చెప్తాను: వెయ్యండి, తప్పేం లేదు. కానీ వాడిన డైపర్లు దయచేసి కాలవలో పడెయ్యకండి. ఎండాకాలం కాలవలు కట్టేశాక మా ఊరి వంతెన మీంచి కిందికి చూస్తే అడుగున గుర్రపుడెక్క కన్నా డైపర్లే ఎక్కువ కనిపిస్తాయి. కాటన్ దొర ఆనకట్ట కట్టి నీళ్లిచ్చింది చేలకి, వీటిని సముద్రానికి మోసుకెళ్లడానికి కాదు. ఇంకోటి, మూడేళ్లు నిండకుండానే "పక్క తడపరాదు" అన్నట్టు ఫారంలో గడి పెట్టే ప్లేస్కూళ్లు. మావాణ్ణి చేర్చబోయిన చోట అడిగారు. "పగలా, రాత్రా?" అన్నాను. "రెండూ" అన్నారు. రాత్రి మీ బడిలో పడుకోబెడతారా అని అడిగి వచ్చేశాను.

మీకు పనికొచ్చే ముక్కలు ఏమైనా ఉంటే ఇవి. పడుకునే ముందు ఒకసారి, కథ చెప్పడం అయ్యాక ఇంకోసారి పోయించండి. పరుపు మీద రబ్బరు షీటు, దాని మీద పాత నేత చీర, మళ్లీ షీటు, మళ్లీ చీర వెయ్యండి. అర్ధరాత్రి తడిస్తే పై రెండూ లాగేసి పడుకోవడమే, లైటు కూడా వెయ్యక్కర్లేదు. శ్రావణ మాసం ముసుర్లో మన వైపు ఏదీ ఆరదు కాబట్టి కనీసం ఎనిమిది చీరలు ఉండాలి. మంట అన్నా, జ్వరం వచ్చినా, ఊరికే దాహం దాహం అంటున్నా, ఆరు నెలలు పొడిగా ఉండి హఠాత్తుగా మళ్లీ మొదలైనా డాక్టరుకి చూపించండి. మిగతాదంతా ఉతుకుడే.

మావాడికి ఇప్పుడు ఆరేళ్లు. ఏ రోజున ఆగిపోయిందంటే చెప్పలేను. ఒక కార్తీకంలో మా ఆవిడ "చీరలు ఉతికి ఎన్నాళ్లయిందండీ?" అంటే లెక్కేసుకున్నాం, రెండు నెలలైంది.

అన్నట్టు ఆ సంక్రాంతి నాడు ఇంకోటి జరిగింది. పెద్ద పండగ భోజనాలప్పుడు, విస్తళ్లలో బూరెలు వడ్డిస్తుంటే, మావాడు లేచి నిలబడి అందరికీ వినబడేలా "మా నాన్న కూడా పరుపు మీద పోత్తాడు" అన్నాడు. పోసేవాడు అనలేదండి, పోత్తాడు అన్నాడు. మావయ్యగారు తలెత్తలేదు. తర్వాతి ఏడాది పండక్కి వెళ్తే నాకు నవారు మంచం వేసి ఉంది. బూరుగుదూది పరుపు మా తోడల్లుడి గదిలో ఉంది. ఎందుకని వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు.