లారీ దింపే ముందు

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. చెన్నైలో ఓఎమ్మార్ రోడ్డు మీది ఉద్యోగం మానేసి, కాంచీపురం జిల్లా ఉత్తిరమేరూరు దగ్గర ఐదెకరాలు కౌలుకు తీసుకున్నావట, గొర్రెలు పెంచుతావట. వాడి గొంతు నిండా దిగులే. నాకూ నిద్ర పట్టలేదు, కానీ అదంతా దిగులు కాదు. మీ తాత మంద పోయి ఇన్నేళ్లయ్యాక మన ఇంట్లో మళ్లీ ఒకరు గొర్రె మాట ఎత్తారు. అందుకే తెల్లవారకముందే లేచి, ఈ విల్లివాక్కం బాల్కనీలో కూర్చుని రాస్తున్నాను.

నెల్లూరు జోడిపి కావాలన్నావట. తెల్లటి ఒళ్లు, కాటుక దిద్దినట్టు కళ్ల చుట్టూ నలుపు, దేశంలోకెల్లా ఎత్తయిన గొర్రె. దాన్ని చూస్తే నాకిప్పటికీ కళ్లు చెమరుస్తాయి. అయినా మొదటి మందకు అక్కడి మద్రాస్ రెడ్‌నే తీసుకో. కాంచీపురం, చెంగల్పట్టు పొలాల్లో పుట్టి పెరిగిన ఎర్ర గొర్రె అది. ఒంటి మీద ఉన్ని లేదు, పొట్టి వెంట్రుకే, ఆ ఉక్కకు తట్టుకుంటుంది. కాట్టుపాక్కంలో పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ల ఫారంలో ఆ జాతినే పెంచుతారు. ఒకసారి వెళ్లి కళ్లారా చూసి రా.

షెడ్డు నేల మీద కాకుండా ఎత్తులో, సందులున్న చెక్కల మీద వేయించు, ఐప్పసి నెల (అక్టోబరు, నవంబరు) వానలకు కింద తడి నిలిస్తే గిట్టలు పాడవుతాయి. 25 గొర్రెలకు ఒక పొట్టేలు చాలు, రెండేళ్లకోసారి మార్చు. పిల్ల పుట్టిన గంటలోపే జున్నుపాలు తాగాలి. వానలకు ముందు, గొర్రెను ఉన్నట్టుండి చంపే చిటుక రోగానికి టీకా, కడుపులో నట్టలకు (పురుగులకు) మందు. ఇవన్నీ ఏ డాక్టరైనా చెబుతాడు.

సంతలో 20 గొర్రెలూ, ఒక పొట్టేలూ కొని, ముందే తెచ్చుకున్న పది గొర్రెల దగ్గరే దింపుతావని విన్నాకే నా గుండె జారింది.

మీ తాత చనిపోయిన ఏడాది, 1997లో, మంద నా చేతికొచ్చింది. 60 గొర్రెలు. మంచి పొట్టేలు లేదని సంతకెళ్లాను. అక్కడ ఒక జోడిపి పొట్టేలు, మెలి తిరిగిన కొమ్ములు, నిలబడితే నా నడుము దాటింది. బేరం కూడా సరిగ్గా ఆడలేదు. ఇంటికొచ్చాక మా కాపరి తాత దాని మూతి పట్టుకుని చూశాడు. ముక్కు రంధ్రం అంచున బియ్యపు గింజంత చీమిడి, ఎండి పచ్చగా అతుక్కుని ఉంది. "అమ్మా, ఇవాళ్టికి దొడ్డి బయట కట్టేద్దాం" అన్నాడు. "లారీ దుమ్ములే తాతా" అని నేనే తడిక తీసి లోపలికి తోలాను.

ఐదో రోజు పొట్టేలు మేత ముట్టలేదు. తర్వాత ఒక్కొక్కటిగా గొర్రెలు తల వేలేశాయి. కళ్లు పుసులతో అంటుకుపోయాయి. నోరు తెరిచి చూస్తే చిగుళ్ల మీద తవుడు చల్లినట్టు ఉంది, ఆ వాసన నీకు రాయలేను. తర్వాత పారుడు. తల్లుల పొదుగులు నిండి ఉన్నాయి, పిల్లలకేమో చీకడానికి నోరు ఆడలేదు. రెండు వారాల్లో 23 పోయాయి. గుంటలు తీయించి సున్నం చల్లి పూడ్చాం.

అదే పీపీఆర్, గొర్రెలకూ మేకలకూ వచ్చే ప్రాణాంతకమైన అంటురోగం. మన దేశంలో మొదట బయటపడింది 1987లో, విల్లుపురం దగ్గర అరసూరులో. మా మందకు సోకే నాటికీ మా ఊరికి టీకా రాలేదు.

మా గొర్రెలు పోయాయని ఇప్పుడు ఏడవను తల్లీ. మా దొడ్డి పక్కనే ఒకాయనకు తొమ్మిది మేకలుండేవి, అవే ఆ ఇంటికి ఆధారం. మేకల్ని ఆ జబ్బు ఇంకా గట్టిగా పట్టింది. రెండు మిగిలాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. మా ఇంటి ముందు నుంచి పోతూ తల వంచుకునేవాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

అందుకే చెబుతున్నా, కోప్పడుతున్నా అనుకున్నా సరే. సంతలో కొనకు. ఊళ్లలో కాపరుల మందల దగ్గరికి వెళ్లి, తల్లిని చూసి పిల్లను కొను. ఇప్పుడు పీపీఆర్ టీకా ఉంది, ఒక్క డోసు మూడేళ్లు కాపాడుతుంది, దాని కోసం ఒక్క రూపాయి కూడా ఆలోచించకు. కొత్తవి ఎంత అందంగా ఉన్నా, ఎంత రాత్రయినా, మూడు వారాలు విడి పాకలో, విడి తొట్టి నీళ్లతో ఉండాలి. వాటికి మేత వేసిన మనిషి కాళ్లూ చేతులూ కడుక్కోకుండా పాత మందలోకి అడుగు పెట్టకూడదు. మీ పక్క పొలం వాళ్లకు మేకలున్నాయో లేదో ముందే కనుక్కో.

మీ నాన్నకు నేను సర్దిచెబుతాను. నువ్వు వేళకు అన్నం తిను, ఎండలో తలకు గుడ్డ కట్టుకో. లారీ ఎక్కించే ముందు రోజు ఫోన్ చెయ్, ఉత్తిరమేరూరు బస్సెక్కి వచ్చేస్తా. ఒక్కొక్క దాని ముక్కు నా చేత్తో చూసిగానీ తడిక తీయనివ్వను.

మీ మేనత్త