యాభై దాటాక స్కీయింగా?

ప్రశ్న: జనవరిలో కెనడాలోని కాల్గరీలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. యాభై దాటిన నేను బాన్ఫ్ కొండల్లో స్కీయింగ్ నేర్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: నిక్షేపంగా నేర్చుకోవచ్చమ్మా. కర్నూలు ఎండల్లో పెరిగిన నేనే అక్కడి స్కీయింగ్ కేంద్రం లేక్ లూయీస్‌లో దిగాను, మీకేం! స్కీలు (కాళ్లకు బిగించే పొడవాటి జారుడు పలకలు), బూట్లు, హెల్మెట్ అక్కడే అద్దెకిస్తారు, కొనొద్దు. బూటు బిగించాక మడమ లేవకూడదు, వేళ్లు మాత్రం ఆడాలి. ఉన్ని మేజోళ్లు ఒక్క జతే. రెండు తొడిగితే బిగుసుకుని రక్తం ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. జీన్స్ వద్దేవద్దు, తడిసిందంటే నరకం.

మొదట శిక్షకుల దగ్గర ఆగడం నేర్చుకోండి: స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు ఎడంగా. ఆకుపచ్చ గుండ్రం గుర్తున్న తేలిక దారులే మీవి. కష్టమైన దారికి పెట్టే నల్ల వజ్రం గుర్తు కనబడితే దణ్ణం పెట్టి పక్కకు తప్పుకోండి.

ప్రయాణ బీమాలో స్కీయింగ్ ఉందో లేదో ఇక్కడే చూసుకోండి. మోకాళ్లు మొరాయిస్తే బాన్ఫ్‌లో కొండెక్కించే కేబుల్ కారు, సల్ఫర్ మౌంటెన్ గొండోలా ఉండనే ఉంది.